పాత ఇంటికి విడతలవారీగా కొత్త వైరింగ్: ఎలా చేయించుకోవాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత ఇళ్లలో చెక్క బద్దల మీద పరిచిన అల్యూమినియం వైర్లు, పింగాణీ ఫ్యూజులు ఇంకా కనిపిస్తుంటాయి. అన్నీ ఒకేసారి మార్చడానికి డబ్బు సర్దుబాటు కాకపోతే విడతలుగా చేయించుకోవచ్చు. అయితే కొత్త వైరు పాత వైరును కలిసే చోటే అసలు ప్రమాదం. పని ఏ విడతలో ఆగినా ఆ రాత్రి ఇంట్లో నిశ్చింతగా పడుకోగలగాలి.

ఈ పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతోనే చేయించాలని నిబంధన. ఆంధ్రలోని పాతపట్నం నుంచి పిలిచేట్టయితే, ఆ లైసెన్సు ఒడిశాలో చెల్లుతుందో లేదో కరెంటు ఆఫీసులో ముందే అడగండి. మీటరు సీలు ఎవరూ ముట్టుకోకూడదు. అక్కడ సరఫరా ఆపాలంటే కరెంటు సరఫరా సంస్థ టీపీఎస్‌ఓడీఎల్‌ వారికే చెప్పాలి.

మొదటి విడతలో గదుల జోలికి వెళ్లకండి. ముందు ఎర్తింగ్, మెయిన్ బోర్డు. ఎర్త్ పైపు కనీసం 2.5 మీటర్ల పొడవు ఉండాలి. వేసవిలో నీళ్లు పోయడానికి పైన గరాటు ఉంచండి. బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి), ప్రతి లైనుకూ విడిగా ఎంసీబీ (లోడు మించితే దానంతటదే ఆగే స్విచ్చి) పెట్టించండి. ఇంకా మార్చని పాత లైట్ల లైనుకు 6 యాంపియర్ల ఎంసీబీ చాలు. ఎక్కువది పెడితే ఎంసీబీ పడేలోపే (ఆగిపోయేలోపే) సన్న వైరు కాలుతుంది.

తర్వాత వంటగది, గీజరు, మోటారు. 16 యాంపియర్ల సాకెట్లకు 2.5, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల ఐఎస్ఐ రాగి వైరు వేయించండి. లైట్లు, ఫ్యాన్లు చివరి విడతకు ఆగవచ్చు, వాటికి 1.5 సరిపోతుంది.

న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) దగ్గర మాత్రం పట్టుపట్టండి. కొత్త లైనుకు ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) ఆర్‌సీసీబీ నుంచి, న్యూట్రల్ దాని బయట ఉన్న పాత లైను నుంచి తీసుకుంటే, వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ లెక్క కుదరదు. ఫ్యాను వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. అప్పుడు కొందరు దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తామంటారు. దయచేసి ఒప్పుకోకండి, అది మీ పిల్లల ప్రాణాలకు కాపలా. ప్రతి లైనుకూ దాని న్యూట్రల్ దానికే ఉండాలి.

రాగినీ అల్యూమినియాన్నీ మెలిపెట్టి టేపు చుట్టనివ్వకండి. అలాంటి జాయింటు కొన్నాళ్లకు వదులై, నల్లబడి, వేడెక్కుతుంది. బోర్డు నుంచే కొత్త వైరు లాగడం మేలు. తప్పనిసరైతే రెండు లోహాలకూ పనికొచ్చే కనెక్టరు వాడి, మూత తీసి చూడగలిగే పెట్టెలో ఉంచాలి. వాడకం లేని పాత వైర్లను పూర్తిగా లాగేయించండి.

ప్రతి విడత చివర మెయిన్ ఆపి, టీవీ, ఎల్ఈడీ బల్బులు తీసి, 500 వోల్టుల మెగ్గరుతో (వైరు తొడుగు బాగుందో లేదో కొలిచే పరికరంతో) పరీక్షించమనండి. ఎర్తుకూ వైర్లకూ మధ్య కనీసం 1 మెగోమ్ నిరోధం రావాలి. కరెంటు ఇచ్చాక ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడాలి. ఏ ఎంసీబీ ఏ గదిదో, ఏది ఇంకా పాత లైనో బోర్డు మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి. కొలతల కాగితం మీద కాంట్రాక్టరు సంతకం తీసుకున్నాకే ఆ విడత డబ్బు పూర్తిగా ఇవ్వండి.