ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఒక్క కాగితం మీదకు తెచ్చుకోవడం ఎలా

కౌన్సెలింగ్ నోటిఫికేషన్లు వెలువడే రోజుల్లో విశాఖపట్నంలో నలుగురు కలిసిన చోటల్లా ఆంధ్ర విశ్వవిద్యాలయం గురించిన అంకెలు వినిపిస్తాయి. ర్యాంకు బాగా పెరిగిందని ఒకరు, అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయని ఇంకొకరు, లక్షల జీతాలతో ఉద్యోగాలు వస్తున్నాయని మరొకరు చెబుతారు. ముగ్గురూ నిజమే చెబుతూ ఉండవచ్చు, కానీ ముగ్గురి లెక్కా వేర్వేరు మనుషులను, వేర్వేరు సంవత్సరాలను గురించినదై ఉంటుంది. అందరికీ అందుబాటులో ఉన్న పత్రాలతోనే, ఇంట్లో కూర్చుని, ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయపు ముఖచిత్రాన్ని ఒక కాగితం మీద ఎలా రాసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణ మన ఊరి విశ్వవిద్యాలయమే అయినా, ఈ పద్ధతి ఏ నగరంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయానికైనా పనికివస్తుంది.

ముందుగా ఒక తెల్ల కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసుకోండి. ఎడమవైపు సన్నని భాగంలో అంకె రాయాలి. కుడివైపు వెడల్పైన భాగంలో ఆ అంకె ఎవరిని లెక్కపెట్టింది, ఏ సంవత్సరానిది, ఏ పత్రంలో ఎవరు చెప్పారు అన్న మూడు సంగతులు రాయాలి. కుడివైపు ఖాళీగా ఉన్న అంకెను కొట్టివేయండి. ఈ ఒక్క నియమం పాటిస్తే వినికిడి లెక్కలు చాలావరకు వాటంతట అవే రాలిపోతాయి.

మొదటి వరుసలో పుట్టుపూర్వోత్తరాలు రాసుకోవాలి. అది చరిత్ర మీద మోజుతో కాదు, పాత అంకెలను కొత్త అంకెలతో పోల్చవచ్చునా లేదా అన్నది అక్కడే తేలుతుంది కనుక. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడ కేంద్రంగా మొదలై, 1930లో వాల్తేరుకు తరలివచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతి (వైస్ ఛాన్సలర్) కాగా, 1931 నుంచి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ పదవిలో ఉన్నారు. అప్పట్లో తెలుగు జిల్లాల కళాశాలలకు పెద్ద దిక్కుగా ఉన్న ఈ సంస్థ పరిధి తర్వాత విడతలు విడతలుగా తగ్గింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, 1976లో గుంటూరు దగ్గర నాగార్జున, 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, 2008లో శ్రీకాకుళం జిల్లాలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. అందువల్ల 2000 నాటి అనుబంధ కళాశాలల సంఖ్యను ఇప్పటి సంఖ్య పక్కన పెట్టి విశ్వవిద్యాలయం చిక్కిపోయిందని అనడం, అన్నదమ్ములు వేరుపడిన ఇంట్లో కంచాలు తగ్గాయని దిగులుపడటం వంటిది. కింగ్ జార్జి ఆసుపత్రితో ముడిపడిన ఆంధ్ర వైద్య కళాశాల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. 1923లో మొదలైన ఆ కళాశాల వయసులో విశ్వవిద్యాలయం కన్నా పెద్దది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత వైద్య విద్య దాని కిందకు వెళ్లింది. కాబట్టి వైద్య విద్యార్థులను ఈ కాగితంలోకి తీసుకురాకూడదు.

తర్వాతి వరుస విద్యార్థుల సంఖ్య. ఎక్కువ మంది తడబడేది ఇక్కడే కనుక కొంత ఓపిక పట్టాలి. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి మూడు రకాల విద్యార్థులు ఉంటారు. క్యాంపస్‌లోని ఆర్ట్స్, సైన్స్, ఇంజనీరింగ్, ఫార్మసీ, లా కళాశాలల్లో తరగతులకు వచ్చేవారు ఒకరు. పట్టా మీద విశ్వవిద్యాలయం పేరున్నా పాఠాలు మాత్రం తమ ఊళ్లోని అనుబంధ కళాశాలలో వినేవారు రెండవవారు. 1972 నుంచి నడుస్తున్న దూరవిద్య విభాగంలో పేరు నమోదు చేసుకుని, పరీక్షలకు, కొన్ని తరగతులకు మాత్రమే వచ్చేవారు మూడవవారు. ముగ్గురినీ కలిపితే ఘనమైన అంకె వస్తుంది, విడదీస్తే మూడు వేర్వేరు సంస్థల్లాగా కనబడతాయి. మన కాగితంలో ఈ మూడింటికీ మూడు వరుసలు ఉండాలి, వాటి కింద కూడిక గీత ఉండకూడదు.

ఈ మాట నేను అనుభవంతోనే చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట మా బంధువుల అమ్మాయి కోసం రెండు విద్యాసంస్థలను పోలుస్తూ, ఒకదాని మొత్తంలో దూరవిద్య వారిని కలిపి, రెండోదానిలో కలపకుండా, అధ్యాపకుల సంఖ్యతో భాగించి, మొదటిది పనికిరాదని తేల్చిపారేశాను. ఆ అమ్మాయి నా మాట నమ్మి రెండోదానికి దరఖాస్తు చేసింది. తప్పు పత్రానిది కాదు, కుడివైపు గడి నింపకుండా లెక్కకు దిగిన నాది.

క్యాంపస్ విద్యార్థుల వివరాలకు చేతికందే పత్రం ఎన్‌ఐఆర్‌ఎఫ్ వారిది. కేంద్ర విద్యాశాఖ కోసం 2015లో రూపొంది, 2016 నుంచి ఏటా ర్యాంకులు ఇస్తున్న ఈ వ్యవస్థకు, పాల్గొనే ప్రతి సంస్థా తన వివరాలు సమర్పిస్తుంది. ర్యాంకుల పట్టికలో సంస్థ పేరు దగ్గరే ఆ వివరాల పీడీఎఫ్ దొరుకుతుంది. ర్యాంకు చూసి పేజీ మూసేసేవారు వందమంది ఉంటే, ఆ పీడీఎఫ్ తెరిచేవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. నా ఉద్దేశంలో ర్యాంకు కన్నా అదే విలువైనది. అందులో మొదటి పట్టిక మంజూరైన సీట్లది, రెండవది నిజంగా చదువుతున్నవారిది. ఈ రెండింటి మధ్య తేడాను కోర్సు స్థాయి వారీగా రాసుకోండి. నిండని సీట్ల కథ అక్కడే ఉంటుంది.

రెండవ పట్టికలో ఒక్క అడ్డువరుసను తీరిగ్గా చదివి చూడండి. రెండేళ్ల పీజీ అన్న పేరు ఎదురుగా ముందు అబ్బాయిలు, తర్వాత అమ్మాయిలు, ఆపైన మొత్తం ఉంటాయి. ఆ వెంటనే రాష్ట్రంలోనివారు, ఇతర రాష్ట్రాలవారు, విదేశీయులు అన్న గడులు వస్తాయి. ఈ మూడింటినీ కూడితే ముందరి మొత్తమే రావాలి. రాకపోతే ఆ వరుసను పెన్సిల్‌తో గుర్తుపెట్టి పక్కన ఉంచండి. ఇంకా ముందుకు వెళితే ఆర్థికంగా వెనుకబడినవారు, సామాజికంగా వెనుకబడిన వర్గాలవారు, ప్రభుత్వం నుంచి పూర్తి ఫీజు తిరిగి పొందుతున్నవారు అన్న గడులు ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇళ్లు ఆధారపడే మన రాష్ట్రంలో ఈ చివరి గడిని మొత్తంతో భాగించి శాతంగా రాసుకోవాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎవరి కోసం నడుస్తోందో దానికన్నా సూటిగా చెప్పే అంకె నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇక అధ్యాపకులు. ఎంతమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు అన్న నిష్పత్తిని అందరూ చెబుతారు గాని, దేనిని దేనితో భాగించారో చెప్పరు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ లెక్కలో పైన పూర్తికాలపు అధ్యాపకులు, కింద మంజూరైన సీట్లూ పూర్తికాలపు పరిశోధక విద్యార్థులూ ఉంటారు. 15 మందికి ఒకరు ఉంటే పూర్తి మార్కులు, 50 మందికి ఒకరు కూడా లేకపోతే సున్నా. ఊరికే ఒక లెక్క వేద్దాం. 8,000 సీట్లకు 400 మంది అధ్యాపకులుంటే 20కి ఒకరన్నమాట. అయితే ఆ సీట్లలో 6,000 మాత్రమే నిండితే, తరగతి గదిలో కనబడే నిష్పత్తి 15కు ఒకరు. రెండూ నిజమే. అందుకే కాగితంలో రెండూ రాసి, ఏది దేనిని కింద పెట్టి భాగించినదో కుడివైపు చెప్పాలి.

ఆ పీడీఎఫ్‌లో అధ్యాపకుల జాబితా కూడా ఉంటే వదలవద్దు. వయసు, హోదా, అర్హత, చేరిన తేదీ, రెగ్యులర్ ఉద్యోగా కాదా అన్నవి అందులో వరుసగా ఉంటాయి. అనుభవాన్ని నెలల్లో రాస్తారు కాబట్టి 240 అన్న అంకె చూసి కంగారుపడక 12తో భాగించుకోవాలి. వయసుల గడి మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ, పదవీ విరమణకు దగ్గరపడినవారు ఎందరో, నలభై లోపువారు ఎందరో లెక్కపెట్టండి. నాలుగేళ్ల కోర్సులో చేరే పిల్లకు చివరి ఏడాది పాఠం చెప్పేది ఎవరన్నది ఈ రెండు అంకెలను బట్టి కొంత ఊహించవచ్చు. రెగ్యులర్, కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీలను ఎప్పుడూ ఒకే మొత్తంగా రాయకండి. పాఠం చెప్పడంలో వారి మధ్య తేడా లేకపోవచ్చు గాని, పరిశోధనకు మార్గదర్శనం చేయడంలో, శాఖ దీర్ఘకాలం నిలబడటంలో తేడా ఉంటుంది.

ఉద్యోగాల పట్టికలో చూడవలసిన మాట మధ్యగతం. పదో తరగతి గణితంలో చదివి మరిచిపోయిన మాటే. జీతాలన్నింటినీ చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసగా పేర్చితే సరిగ్గా నడుమ నిలిచేది మధ్యగతం. ఐదుగురు పిల్లలకు ఏడాదికి 2.4, 2.8, 3, 3.6, 18 లక్షల జీతాలు వచ్చాయనుకుందాం. సగటు 5.96 లక్షలు, మధ్యగతం 3 లక్షలు. ఫ్లెక్సీ మీద 18 లక్షలు కనబడతాయి, కరపత్రంలో సగటు కనబడుతుంది. మీ ఇంటి పిల్లకు రాగలదానికి దగ్గరగా ఉండేది మాత్రం మూడు లక్షలే. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రం మధ్యగతాన్నే అడుగుతుంది, అది మేలు. అదే పట్టికలో చేరినవారు, నిర్ణీత కాలంలో ఉత్తీర్ణులైనవారు, ఉద్యోగం పొందినవారు, పై చదువులకు వెళ్లినవారు అన్న గడులు ఉంటాయి. ఉద్యోగం పొందినవారిని ఉత్తీర్ణులైనవారితో కాకుండా చేరినవారితో భాగించి చూడండి, మధ్యలో జారిపోయినవారు కూడా లెక్కలోకి వస్తారు.

ర్యాంకుల గురించి క్లుప్తంగానే చెబుతాను. ఎన్‌ఐఆర్‌ఎఫ్ విశ్వవిద్యాలయాల విభాగంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 2023లో 43వ స్థానంలో ఉండి 2024లో 25వ స్థానానికి వచ్చింది. 2024లోనే కొత్తగా మొదలైన రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విభాగంలో 7వ స్థానం పొందింది. అంటే ఒకే సంవత్సరంలో ఒకే సంస్థకు రెండు ర్యాంకులు, రెండూ సరైనవే. ఏ విభాగమో చెప్పకుండా ర్యాంకు చెప్పేవారిని ఆ మాట అడగాలి. ర్యాంకు పక్కన వందకు ఇచ్చిన స్కోరు కూడా ఉంటుంది, కాగితం మీద దాన్నీ రాసుకోండి, ఎందుకంటే ఇతరులు వెనకబడినా మన ర్యాంకు పెరుగుతుంది, స్కోరు మాత్రం అంతగా మారకపోవచ్చు. 2024 ర్యాంకు వెనుక ఉన్న విద్యార్థుల వివరాలు 2022-23 విద్యా సంవత్సరానివన్న సంగతి కూడా కుడివైపు గడిలో ఉండాలి. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే జాతీయ మండలి న్యాక్ ఇచ్చే గ్రేడు ఇంకో రకం. అది ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది చెప్పదు, సంస్థ ఏ మెట్టు మీద ఉందో చెబుతుంది. 4కు 3.51 లేదా ఆపైన వస్తే ఏ++. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2023లో 3.74తో ఆ గ్రేడు వచ్చింది. ఆ గ్రేడు కోసం విశ్వవిద్యాలయం సమర్పించిన స్వీయ అధ్యయన నివేదిక పెద్దదే అయినా, హాస్టళ్లు, గ్రంథాలయం, ల్యాబులు, పూర్వ విద్యార్థుల వంటి సంగతులకు అదే ఆధారం.

ఖర్చుల పట్టికలో జీతాలు, నిర్వహణ ఒకవైపు, గ్రంథాలయం, పరికరాలు మరోవైపు ఉంటాయి. మొదటిదాని బరువు ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనైనా ఎక్కువే. రెండోదాన్ని క్యాంపస్ విద్యార్థుల సంఖ్యతో భాగించి, మూడేళ్ల అంకెలు పక్కపక్కన రాసుకుంటే సరిపోతుంది.

నగరం నడిబొడ్డున ఉన్న సంస్థకు మాత్రమే వర్తించే ఒక సంగతి ఈ పత్రాల్లో వెతికినా దొరకదు. బీచ్ రోడ్డుకూ మద్దిలపాలేనికీ నడుమ 400 ఎకరాలకు పైగా పరుచుకున్న ఈ క్యాంపస్‌కు పొద్దున్నే ఔట్ గేటు దగ్గర సిటీ బస్సు దిగి వచ్చేవారెందరు, హాస్టల్ గదుల నుంచి వచ్చేవారెందరు అన్నది రాష్ట్రంలోనివారు అన్న ఒక్క గడిలో కలిసిపోతుంది. శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లా, పెదవాల్తేరు పిల్లా అక్కడ ఒక్కటే. జిల్లాల వారీ లెక్క ఎక్కడైనా దొరికినా, 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయన్నది మరవకూడదు. పాడేరు విద్యార్థి అంతకుముందు స్థానికుడు, ఆ తర్వాత పొరుగు జిల్లావాడు. విశాఖ విద్యార్థులు తగ్గారన్న వార్త వెనుక ఈ గీతే ఉండవచ్చు.

ఇలా కాగితం నిండేసరికి రెండు మూడు గడులు ఖాళీగా మిగులుతాయి. వాటి కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో విశ్వవిద్యాలయ ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు పెట్టవచ్చు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రశ్నలో అభిప్రాయం, ఎందుకు అన్న మాట, ఫిర్యాదు ఉండకూడదు, అడిగిన లెక్క ఏ తేదీదో తప్పక ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయండి: “ఈ సంవత్సరం జూన్ 30 నాటికి ఫలానా శాఖలో మంజూరైన అధ్యాపక పోస్టులు ఎన్ని, వాటిలో రెగ్యులర్ పద్ధతిలో భర్తీ అయినవి ఎన్ని, అదే తేదీన కాంట్రాక్టు, గెస్ట్ పద్ధతుల్లో బోధిస్తున్నవారు ఎందరు, ఆ శాఖ విద్యార్థుల్లో విశ్వవిద్యాలయ హాస్టళ్లలో ఉంటున్నవారు ఎందరు అన్న వివరాలు ఇవ్వగలరు.” జవాబు వచ్చాక అంకెను ఎడమవైపు, లేఖ నంబరునూ తేదీనీ కుడివైపు ఎక్కించండి. 30 రోజులు దాటినా జవాబు రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు అదే విశ్వవిద్యాలయంలోని పై అధికారికి వేయాలి.