బడిలో ఫొటోలు తీసేముందు బెంచీలు మోసేవాళ్లను లెక్కపెట్టుకోండి

నేను నల్లగొండలో డిగ్రీ సెకండియర్ చదువుతున్నాను. మాది మునుగోడు వైపు ఊరు. మిర్యాలగూడలో మా మామకు ఫొటో స్టూడియో ఉంది. ఆయన కొత్త కెమెరా కొనుక్కున్నప్పుడు పాత కానన్ 1500డి నాకిచ్చాడు. దాంతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సు, ట్యూషన్లు చెప్పిన డబ్బుతో కొనుక్కున్న 50 ఎంఎం లెన్సు, ఇంకో బ్యాటరీ, ఇదీ నా సామాను. నేను చదువుకున్న హైస్కూల్లో జెండా పండుగ నుంచి పదో తరగతి వీడ్కోలు దాకా మూడేళ్లుగా ఫొటోలు నేనే తీస్తున్నాను. ఈ మధ్య జూనియర్లు "అక్కా, మా బళ్లో నన్ను తీయమంటున్రు, ఎట్ల తీయాలె?" అని ఫోన్లు చేస్తున్నారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. మొదటి ఏడాది, పదో తరగతి గ్రూప్ ఫొటో. పెద్దసార్ కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. వెనక వరుసకు బెంచీలు చాలకపోతే ఇద్దరు పిల్లలు పక్క గదిలోంచి ఒకటి మోసుకొచ్చారు. దాని కాలు ఊగుతోంది. "ఇది వద్దు, తీస్కపోండ్రి" అన్నారెవరో. వాళ్లిద్దరూ మళ్లీ మోసుకెళ్లారు. సార్ "కానియ్యమ్మా" అన్నారు. నేను కానిచ్చేశాను. ఎనిమిది కొట్టి, ఎవరూ కళ్లు మూసుకోని ఒక్కటి ఏరి, ప్రింట్లు వేయించి, లామినేషన్ కూడా చేయించాను. పంచిన రోజు ఆ ఇద్దరిలో ఒకడు ఫొటో అందుకుని, వరుసలన్నీ వేలితో వెతికి, "అక్కా, నేను యాడున్న?" అన్నాడు. కింద పేర్లు వేయించి ఉంటే ప్రింటుకు ముందే దొరికేది. అదీ చేయలేదు.

ఇప్పుడు గ్రూప్ ఫొటో అంటే ముందు క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లి ఆ రోజు హాజరు అంకె అడుగుతాను. అరచేతి మీద పెన్నుతో రాసుకుంటాను. అందరూ నిలబడ్డాక వరుసలవారీగా తలలు లెక్కపెడతాను. అంకె కలవకపోతే బటన్ నొక్కను, పెద్దసార్ ఎన్నిసార్లు గడియారం చూసుకున్నా సరే. తీయగానే పిల్లలను కదలనివ్వకుండా ఒక్కో వరుస పేర్లు ఎడమనుంచి కుడికి కాగితం మీద రాయించి, ఆ కాగితాన్ని కూడా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కాగితాలు పోతాయి, కెమెరా మెమరీ కార్డులో ఉంటే ఫొటోల వెంటే ఉంటుంది.

నిలబెట్టడం సంగతి. చిన్నవాళ్లు కింద జంపఖానా మీద, సార్లూ మేడంలూ కుర్చీల్లో, వాళ్ల వెనక నిలబడేవాళ్లు, ఆ వెనక బెంచీ ఎక్కేవాళ్లు. బెంచీ మీద ముందు మీరెక్కి చూడండి. ఎండ మొహాన కొడితే పిల్లలంతా కళ్లు చికిలిస్తారు, కాబట్టి బిల్డింగ్ నీడలోకి జరపండి. జరిపితే అందరినీ జరపాలి. సగం మంది నీడలో, సగం మంది ఎండలో ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు. జూమ్ లెన్సును 18 దగ్గర, అంటే అన్నిటికంటే వెడల్పుగా చూసే చోట పెట్టి దగ్గరనుంచి తీస్తే చివర్లో ఉన్నవాళ్లు సాగి లావుగా కనిపిస్తారు. 35 దగ్గర పెట్టి, మీరే వెనక్కి నడవండి. లెన్సు తెరుచుకునే రంధ్రం ఎఫ్ 8 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది, ముందు వెనక వరుసలు కూడా స్పష్టంగా వస్తాయి), షట్టర్ వేగం 1/200 సెకను, ఫోకస్ కుర్చీల వరుస మీద. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటోను వెలుతురుగా చేసే సెట్టింగ్) పెంచుకోండి. కళ్ల సమస్యకు మామ నేర్పిన చిట్కా ఒకటుంది: అందరినీ కళ్లు మూసుకోమని, ఒకటి, రెండు అని, మూడు అనగానే తెరవమనాలి. తెరిచిన క్షణంలో రెండు మూడు కొట్టేయాలి. అయినా ఎవడో ఒకడు రెండుకే తెరుస్తాడు.

జెండా పండుగ సులువనుకుంటారు కానీ నాకు అన్నిటికంటే టెన్షన్ అదే. మిగతావి రెండోసారి చేయించుకోవచ్చు, ఇది చేయించలేం. పద్ధతి ప్రకారం ఆగస్టు 15న జెండాను కిందనుంచి పైకి లాగి ఎగరేస్తారు, జనవరి 26న ముందే పైన కట్టి ఉంచి విప్పుతారు. మా బళ్లో రెండుసార్లూ పైనే పూలు చుట్టి ముడేస్తారు. మీ బళ్లో ఎట్లాగో ముడి వేసే పీఈటీ సార్‌నే అడగండి, పైకి చూడాలో కిందికి చూడాలో తేలుతుంది. ఒక్క లాగుకు ముడి విప్పుకుంటుందన్న నమ్మకం లేదు. 1500డి సెకనుకు మూడు ఫొటోలే కొడుతుంది, పైగా తాడు లాగడం మొదలవగానే నొక్కి పట్టుకుంటే, తీసినవాటిని కార్డులోకి ఎక్కించుకుంటూ పూలు రాలేసరికి కెమెరా ఆయాసపడొచ్చు. జెండా కదిలేదాకా ఆగండి. పూరేకులు గాల్లో నిలవాలంటే 1/1000 ఉండాలి. ఆకాశం తెల్లగా ఉంటే జెండా నల్లబడుతుంది, ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుతురుగా రావాలన్న సెట్టింగ్) ఒక మెట్టు పెంచండి. రెండు మూడు రాగానే వెనక్కి తిరగండి. మెడలెత్తి పైకి చూస్తున్న మూడో తరగతి పిల్లల తలల మీద బంతిరేకులు పడుతుంటాయి, అసలు ఫొటో అక్కడుంటుంది. జనగణమన పాడే 52 సెకన్లు మాత్రం కెమెరా దించి నిలబడండి.

బహుమతులు, శాలువాలు, జ్యోతి వెలిగించడం గురించి ఎక్కువ చెప్పను. స్టేజీ మీద ఇచ్చేవాళ్లు నిలబడాల్సిన చోట ముందే సుద్దముక్కతో గీత గీయండి. పిల్లలు స్టీలు గ్లాసు అందుకోగానే పారిపోతారు, "ఇటు చూడు బిడ్డా" అనే మనిషినొకరిని పక్కన పెట్టుకోండి. అంతే.

బతుకమ్మకు మాత్రం కాసేపు ఆగుతాను. దసరా సెలవులకు ముందు మా బళ్లో ఆడతారు. తంగేడు పసుపు కెమెరాకు ఎప్పుడూ ఎక్కువే అవుతుంది, ఎండలో పూలన్నీ కలిసి ఒకే పసుపు ముద్దలా వస్తాయి. ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గిస్తే రేకులు విడివిడిగా కనిపిస్తాయి. రంగు అద్దిన గునుగు పూలకూ అంతే. మేడ మీదినుంచి వలయం మొత్తం వచ్చేలా ఒకటి రెండు తీసి, కిందికి దిగి బతుకమ్మల పక్కన నేలమీద కూర్చోండి. ఆడేవాళ్లు వంగి చప్పట్లు కొట్టేటప్పుడు మొహాలన్నీ మీ వైపుకే వస్తాయి. రెండు చుట్లు చూస్తే లయ తెలిసిపోతుంది, చప్పట్ల కంటే పావు సెకను ముందు నొక్కాలి.

రెండో తప్పు కూడా ఇక్కడే చేశాను. బతుకమ్మ ఫొటోల్లో ఒకటి చాలా బాగా వచ్చిందని నా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి, ఒక్కతే, దగ్గరనుంచి. తెల్లారి వాళ్ల నాయన మా ఇంటి ముందు బండి ఆపాడు. అరవలేదు. "అడిగితే నేనే పెట్టుమందునేమో బిడ్డా, అడగకపోతివి" అన్నాడు. అరిచినా బాగుండేది. పిల్లల ఫొటోలు, అందులోనూ ఆడపిల్లలవి, ఎక్కడా పెట్టకండి. తీయడానికి పెద్దసార్ అనుమతి, బయట పెట్టడానికి ఇంట్లోవాళ్ల అనుమతి. ఈ రెండూ వేర్వేరు.

కబడ్డీ తీసేవాళ్లు చాలామంది కోర్టుకు పక్కన నిలబడతారు. కూతకొచ్చేవాడి మొహం కావాలంటే ఆపేవాళ్ల వెనక, కోర్టు చివరి గీత అవతల కింద కూర్చోండి. వాడు మీ వైపే వస్తాడు. 1/800, ఫోకస్‌ను ఏఐ సర్వోలో పెట్టండి, కదిలే మనిషి వెంట ఫోకస్ కూడా కదులుతుంది. దుమ్ము పడుతుంది, అక్కడ లెన్సు మార్చకండి.

వార్షికోత్సవం రాత్రి పూట, పైగా ఎల్‌ఈడీ లైట్లు. ఫొటోలో అడ్డంగా నల్లచారలు వచ్చాయంటే కెమెరా పాడైందనుకుని నాలా ఏడవకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చాలా లైట్లు సెకనుకు వందసార్లు తగ్గిపెరుగుతుంటాయి. మన కంటికి తెలియదు, వేగంగా తీసే కెమెరాకు తెలుస్తుంది. 1/100కి దిగితే చారలు దాదాపు పోతాయి. అంత నెమ్మదిగా తీస్తే డ్యాన్స్ చేసే చేతులు చెదురుతాయి కదా అంటారు. నిజమే. అందుకే స్టెప్పు చివర పిల్లలు ఒక్క క్షణం ఆగే చోటు పట్టుకోవాలి. పాట ముందురోజు రిహార్సల్‌లో వినుంటేనే అది దొరుకుతుంది. 50 ఎంఎం, ఎఫ్ 2, ఐఎస్ఓ 3200. ఊదారంగు లైటు పడ్డప్పుడు కొట్టకండి, తెల్ల లైటు తిరిగొచ్చేదాకా ఆగండి.

ఇక ఒక్కొక్కరి ఫొటో. నాకిష్టమైన పని ఇదే. వీడ్కోలు రోజు పదో తరగతిలో ప్రతి ఒక్కరికీ ఒకటి తీస్తాను, మొహం మాత్రమే. దీనికి లైట్లేం అక్కర్లేదు, బడి వరండా చాలు. వరండా అంచు నుంచి రెండడుగులు లోపల నిలబెట్టి, మొహం బయటికి తిప్పించండి. నేరుగా ఎండ తగలదు, బయట నేలమీద పడి చెదిరిన వెలుగు మెత్తగా మొహం మీదికొస్తుంది, కళ్లలో చిన్న మెరుపు నిలుస్తుంది. ఈ వెలుగు గురించి నాకు బుద్ధి వచ్చింది నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో. గర్భగుడిలో లింగం వెనక పగలంతా స్తంభం లాంటి నీడ కదలకుండా ఉంటుంది. సూర్యుడు అటునుంచి ఇటు పోతుంటే నీడ ఎట్లా కదలదని చిన్నప్పుడు బడి నుంచి తీసుకెళ్లినప్పుడు అడిగితే దేవుడి మహిమ అన్నారు. ఇంటర్‌లో ఉండగా మళ్లీ వెళ్లి చాలాసేపు కూర్చున్నాను. లోపలికి నేరుగా ఎండే రాదు. బయట చెదిరిన వెలుగు స్తంభాల సందుల్లోంచి వస్తుంది. ఆ సాయంత్రమే మా ఇంటి వసారాలో మా అవ్వను కూర్చోబెట్టి తీశాను. ముడతలన్నీ ఉన్నాయి, ఒక్కటీ కొట్టొచ్చినట్టు లేదు.

చెట్టు కింద వద్దు, ఆకుల సందుల్లోంచి పడే ఎండ మొహం మీద మచ్చలు పెడుతుంది. శనివారం తెల్ల డ్రెస్సుంటే కెమెరా మోసపోయి మొహాలను నల్లగా చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాస్త పెంచండి. గోడకు ఆనించకుండా నాలుగైదు అడుగులు ముందుకు జరపండి. 50 ఎంఎం ఉంది కదా అని ఎఫ్ 1.8లో పెడితే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసగ్గా వస్తుంది. ఈ మొహం ఫొటోలకు నేను 2.8 దాటి తెరవను. పిల్లల కళ్ల ఎత్తుకు మీరు వంగండి. మొహానికి పౌడర్ తెల్లగా కొట్టుకుని వస్తారు, తుడవమనకండి. అమ్మ ప్రేమగా పూసి పంపింది. రుమాలుతో చెమట మాత్రం అద్దుకోమనండి.

"నవ్వు" అనొద్దు. మా వైపు దీనికో కారణం కూడా ఉంది. మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా రాకముందు బోరునీళ్లు తాగి పెరిగినవాళ్లం, ఫ్లోరైడ్ గారలు నా పళ్ల మీద కూడా ఉన్నాయి. స్టూడియోల్లో "పళ్లు కనపడాలె" అన్నప్పుడల్లా నేను పెదాలు బిగించిన ఫొటోలు ఇంట్లో ఐదారున్నాయి. అందుకే నేను నవ్వమనను, మాట్లాడిస్తాను. "ఇయ్యాల గుడ్డు పెట్టిన్రా?" అంటే చాలు, అన్నం వడ్డించేటప్పుడు జరిగిన కొట్లాట మొత్తం చెప్తారు. పోయినసారి ఒకమ్మాయి ఎంతకీ మాట్లాడలేదు. నేను కెమెరా పక్కన పెట్టి నా పళ్లు చూపించాను. ఆ పిల్లకు నవ్వాగలేదు, చేతిలో ఉన్న రికార్డు బుక్కు గభాల్న నోటికడ్డం పెట్టుకుంది. పుస్తకం అంచు మీద రెండు కళ్లు మాత్రమే నవ్వుతున్నాయి. అట్లాగే కొట్టాను. పుస్తకం తీయమని ఇంకోటి కూడా కొట్టాను, ఎందుకైనా మంచిదని. రెండూ చూపిస్తే మొదటిదే కావాలంది.

ఇంటికి రాగానే కార్డులోవి రెండు చోట్ల దాచండి. ఇచ్చేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, అదీ క్లాస్ టీచర్‌కు మాత్రమే. ఎక్కువుంటే డ్రైవ్‌లో పెట్టి లింకివ్వండి. ఫోన్ లేని ఇళ్లుంటాయి కాబట్టి ఒక్కో ప్రింటైనా వేయించాలి. ఎంత ఖర్చవుతుందో పెద్దసార్‌తో ముందే మాట్లాడుకోండి, తర్వాత అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది.

గ్రూప్‌లో లేకుండా పోయిన ఆ ఇద్దరినీ తర్వాతి ఆదివారం బడికి పిలిచాను. గేటు తాళమేసి ఉంది, బయట వేపచెట్టు నీడ మచ్చలు మచ్చలుగా ఉంది, ప్రహరీ పక్కన నిలబెట్టి తీశాను. "గా బెంచీ ఉంటే మంచిగుండు" అన్నాడు ఒకడు. ఇద్దరికీ లామినేషన్ చేయించి ఇచ్చాను. కార్డు ఖాళీ చేయడం అన్నిటికంటే ఆఖరున పెట్టుకోవడం అప్పట్నుంచే అలవాటైంది. ప్రింట్లన్నీ చేతికిచ్చి, "నేను యాడున్న?" అని ఎవరూ అడగలేదని తేలాకే ఫార్మాట్ కొడతాను.