హామీదారుపై ఏకపక్ష డిక్రీ: సమన్లు సరిగా అందలేదని రద్దు కోరడం ఎలా

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో రొయ్యల చెరువుకో పొగాకు బ్యారనుకో బంధువు అప్పు తీసుకుంటే, నెలజీతం ఉన్నవాడన్న కారణంతో హామీ సంతకం ఉపాధ్యాయుడి చేత పెట్టిస్తారు. అప్పు మొండిబకాయి అయి దావా పడినా ఆయనకు తెలియకపోవడం, జీతం జప్తు ఉత్తర్వు ఆఫీసుకు వచ్చాకే ఏకపక్ష డిక్రీ (ప్రతివాది హాజరు లేకుండానే ఇచ్చిన డిక్రీ) సంగతి బయటపడటం తరచూ జరిగేదే. అటువంటి డిక్రీని రద్దు చేయమని, దానిని ఇచ్చిన కోర్టునే కోరే హక్కును సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 13వ రూలు కల్పిస్తోంది. డిక్రీ ఇంకా రాకుండా ఎక్స్‌పార్టీగా (హాజరు కాని ప్రతివాదిగా) మాత్రమే ప్రకటించి ఉంటే అదే ఆర్డరు 7వ రూలు కింద కోరితే చాలు.

ముందుగా గడువు చూసుకోవాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం 123వ అధికరణం ప్రకారం గడువు 30 రోజులు. అది డిక్రీ తేదీ నుంచి, సమన్లు సక్రమంగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన తేదీ నుంచి మొదలవుతుంది. పత్రికా ప్రకటన వంటి ప్రత్యామ్నాయ పద్ధతిని ఈ లెక్కకు సక్రమమైన అందజేతగా చూడరాదని ఆ అధికరణపు వివరణే చెబుతోంది. అందుచేత జప్తు ఉత్తర్వుపై ఆఫీసు వేసిన ఇన్‌వర్డ్ ముద్ర (అందిన తేదీ ముద్ర) ఉన్న ప్రతిని భద్రపరచుకోవాలి. గడువు దాటిందన్న సందేహం ఉంటే అదే చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమనే పిటిషన్‌ను కూడా జతచేయాలి.

తరువాత, అఫిడవిట్ రాయక ముందే, దావా ప్రతి, డాకెట్ ఉత్తర్వులు (వాయిదాల వారీగా కోర్టు రాసినవి), డిక్రీ, అన్నిటికంటే ముఖ్యంగా సమన్లపై ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందజేసే కోర్టు ఉద్యోగి) రాసిన రిపోర్టు నకళ్లకు కాపీ అప్లికేషన్ వేయాలి. రికార్డు చూడకుండా “నాకు సమన్లు అందలేదు” అని ఒక్క వాక్యం రాసి దాఖలు చేసే పిటిషన్లు క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవడం కష్టం. కేసు బలమంతా ఆ రిపోర్టులోని లోపాల్లోనే ఉంటుంది.

ఉదాహరణకు, “ఇంటికి తాళం ఉన్నది, తలుపుకు అంటించితిని” అని మాత్రమే రిపోర్టులో ఉందనుకుందాం. తగిన ప్రయత్నం చేసినా ప్రతివాది దొరకలేదని, త్వరలో తిరిగివచ్చే అవకాశమూ లేదని తేలినప్పుడే 5వ ఆర్డరు 17వ రూలు అంటించడానికి అనుమతిస్తుంది. ఇల్లు చూపించినవారు, అంటించినప్పుడు దగ్గర ఉన్నవారు ఎవరైనా ఉంటే వారి పేరు, చిరునామా రాయాలని కూడా చెబుతుంది. ఆ రిపోర్టుకు అఫిడవిట్ తోడు లేకపోతే, 19వ రూలు ప్రకారం కోర్టు ప్రాసెస్ సర్వర్‌ను ప్రమాణంపై విచారించవలసి ఉంటుంది. కనిగిరి, ఉదయగిరి ప్రాంతాల నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో బదిలీ మీదనో పని మీదనో వెళ్లినవారు ఆ కాలపు అద్దె ఒప్పందం, గ్యాసు బిల్లు, సర్వీసు రిజిస్టరు పుట జతపరిస్తే ఆ చిరునామాలో తాము లేమని రుజువవుతుంది.

హామీ కేసుల్లో తరచూ కనిపించే మరో లోపం ఉంది. అప్పు తీసుకున్న బావమరిదే తన సమన్లతో పాటు హామీదారుడివీ సంతకం చేసి తీసుకుంటాడు. 5వ ఆర్డరు 15వ రూలు ప్రకారం ప్రతివాదితో కలిసి నివసించే వయోజన కుటుంబ సభ్యుడికి ఇవ్వవచ్చు గాని, వేరు కాపురం ఉన్న బంధువుకు ఇస్తే చెల్లదు. పనివాడు కుటుంబ సభ్యుడు కాడని రూలు స్పష్టంగానే చెప్పింది. ఇద్దరి రేషన్ కార్డులు వేరుగా ఉంటే వాటినే చూపించాలి.

అయితే ఒక హెచ్చరిక. అందజేతలో లోపమున్నా, వాయిదా తేదీ తెలిసి, హాజరై జవాబు చెప్పుకోవడానికి తగిన వ్యవధి కూడా ఉందని రుజువైతే, ఆ లోపం ఒక్కదాని మీద డిక్రీని రద్దు చేయరాదని 9వ ఆర్డరు 13వ రూలు నిబంధన. దావా నడిచిన రోజుల్లో బ్యాంకుతో రాజీ మాటలు జరిపిన సందేశాలు అవతలి వకీలు చేతిలో పడితే, పిటిషన్ అక్కడే బలహీనపడుతుంది. కనుక తెలిసినది దాచకుండా చెప్పాలి.

హామీ బాధ్యత అప్పుదారు బాధ్యతతో సమానమని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, “ముందు అతని దగ్గర వసూలు చేయండి” అన్న వాదన ఇక్కడ అక్కరకు రాదు. నిబంధనలను మీ సమ్మతి లేకుండా మార్చారనే 133వ సెక్షన్ వంటి వాదన ఉంటే రెండు వాక్యాల్లో సూచించి, మిగతాది జవాబు దావాకు (దావాకు ప్రతివాది రాతపూర్వకంగా ఇచ్చే సమాధానానికి) విడిచిపెట్టాలి.

పిటిషన్‌తో పాటే జప్తు నిలిపివేతను విడిగా కోరాలి. ఎదుటి పక్షానికి నోటీసు ఇవ్వనిదే డిక్రీ రద్దు కాదు. ఖర్చులు చెల్లించమనో, కొంత సొమ్ము డిపాజిట్ చేయమనో షరతు పెట్టే అధికారం కోర్టుకు ఉంది. పిటిషన్‌ను కొట్టివేస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 43వ ఆర్డరు 1వ రూలు (డి) కింద అప్పీలు చేయవచ్చు. డిక్రీ రద్దయితే, అప్పటికే జీతంలో కోసిన మొత్తాన్ని తిరిగి ఇప్పించమని అదే కోడ్ 144వ సెక్షన్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు.