క్రామండ్ దీవికి నడిచి వెళ్లి, పొడి కాళ్లతో తిరిగి రావడం

ఎడిన్‌బరో శివార్లలోని క్రామండ్ దీవికి పడవ అక్కర్లేదు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు నుంచి దీవి దాకా బాట తేలుతుంది. ఎప్పుడు తేలుతుందో ముందు చూసుకుని, మిగతా రోజంతా దాని చుట్టూ అల్లుకోవాలి.

ఎడిన్‌బరో రేవైన లీత్ ఆటుపోట్ల పట్టిక తీయండి. నీరు పూర్తిగా తగ్గే సమయానికి 2 గంటల ముందు నుంచి 2 గంటల తర్వాత వరకే దాటాలి. ఆటు మధ్యాహ్నం 1:00కి అనుకుంటే, 11:00కి బాట ఎక్కొచ్చు, 3:00 కల్లా ఇవతలి ఒడ్డున ఉండాలి. 3:00కి దీవిలో బయల్దేరితే ఆలస్యమైనట్టే. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. వేసవిలో ఇంకో తిరకాసు. కొన్ని పట్టికల్లో గ్రీనిచ్ సమయమే ఉంటుంది, గంట కలుపుకోవాలి. కలపకపోతే నీళ్ల ముందు నిలబడి ఎదురుచూస్తారు, అంతే. అప్పటికే కలిపి ఇచ్చిన పట్టికకు మళ్లీ గంట కలిపారో, తిరుగు దారి మునుగుతుంది. అనుమానముంటే ఇంగ్లిష్ అక్షరాల్లో క్రామండ్ (CRAMOND) అని టైప్ చేసి 81400కి మెసేజ్ పెట్టండి, సురక్షిత సమయాలు వస్తాయి. బాట మొదట్లో బోర్డు కూడా ఉంటుంది.

ఎడిన్‌బరో ఊళ్లోంచి 41వ నంబరు బస్సు క్రామండ్‌కు వస్తుంది. బాట పక్కనే పళ్ల వరసలా కాంక్రీటు స్తంభాలు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు పడవల్ని ఆపడానికి కట్టినవి. ఎక్కకండి. కింద పాచి పట్టి జారుతుంది కాబట్టి పట్టున్న బూట్లు కావాలి. ఇసుక మీదుగా అడ్డదారి తొక్కితే బురదలో కాలు దిగబడుతుంది.

దీవి పొడవు అర కిలోమీటరు పైచిలుకు, శిఖరం 28 మీటర్లు. యుద్ధకాలపు కట్టడాలు, వాటి నిండా రంగురంగుల గీతలు. గంట చాలు. మంచినీళ్లు, మరుగుదొడ్డి లేవు.

బాట మునిగిపోతే మోకాలి లోతే కదా అని దిగొద్దు. నీరు చల్లగా, వడిగా ఉంటుంది, చూస్తుండగానే పెరుగుతుంది. దీవి మునగదు. అక్కడే ఉండి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగండి.

మిగిలిన సమయం తీరానికి ఇవ్వండి. చర్చి పక్కన రోమన్ కోట పునాదులున్నాయి. తూర్పుగా సిల్వర్‌నోస్ వైపు చదునైన నడకదారి. 1997లో ఆల్మండ్ నది బురదలో దొరికిన రోమన్ ఆడసింహం శిల్పం మాత్రం ఇక్కడ కనబడదు. అది ఎడిన్‌బరో ఊళ్లో, నేషనల్ మ్యూజియంలో ఉంది.