గ్రేట్ లేక్స్‌లో మునిగిన ఓడలు: దగ్గర్లో డైవ్ సైట్ వెతకడం ఎలా

డెట్రాయిట్, చికాగో, టొరంటో వైపు ఉండే మనవాళ్ళు డైవింగ్ సర్టిఫికేట్ రాగానే ఫ్లోరిడా టికెట్లు వెతుకుతుంటారు, అక్కర్లేదండీ, పక్కనున్న మంచినీటి సరస్సుల్లోనే బోలెడు ఓడలున్నాయి, పైగా చల్లటి నీళ్ళు, చెక్కని తొలిచే సముద్రపు పురుగులు లేవు కాబట్టి వందేళ్ళు దాటిన చెక్క ఓడలు కూడా చాలావరకు నిలిచే ఉన్నాయి.

ముందు మ్యాప్ పట్టండి. విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీకి మునిగిన ఓడల ఆన్‌లైన్ డేటాబేస్ ఉంది. మిషిగన్‌లో అల్పీనా దగ్గర థండర్ బే శాంక్చువరీ (మునిగిన ఓడల్ని కాపాడే రక్షిత ప్రాంతం) వాళ్ళు ఒక్కో ఓడకి లోతు, జీపీఎస్ ఇస్తారు, సీజన్‌లో బోయ్‌లు (నీళ్ళ మీద తేలే గుర్తులు) కూడా వేస్తారు, పడవ వాటికే కట్టాలి, ఓడ మీద లంగరు పడేస్తే పాడైపోతుంది.

పేరు చూసి మురిసిపోకుండా లోతు చూడండి. కొత్తవాళ్ళకైతే కెనడాలోని ఒంటారియోలో టోబర్‌మొరీ దగ్గరున్న స్వీప్‌స్టేక్స్ బెస్ట్, 1885లో మునిగిన స్కూనర్ (తెరచాప ఓడ), సుమారు 20 అడుగుల లోతే, ముందు భాగంలో లంగరు లాగే విండ్‌లాస్ ఇంకా కనిపిస్తుంది. అది ఫాథమ్ ఫైవ్ నేషనల్ మెరైన్ పార్క్‌లో ఉంది, డైవ్ చేసేముందు అక్కడ రిజిస్టర్ చేసుకోవడం తప్పనిసరి.

ఇంకోటి, జులైలో పైన వెచ్చగా ఉందని మోసపోవద్దు, లోతుకెళ్తే 4 డిగ్రీల సెల్సియస్ దాకా పడుతుంది, డ్రైసూట్ (ఒంటికి నీళ్ళు తగలనివ్వని సూట్) వాడటం నేర్చుకోండి. గుర్తుగా ఒక్క మేకు తెచ్చుకున్నా చట్టప్రకారం నేరమే. ఈ వారం నీళ్ళు ఎంత క్లియర్‌గా ఉన్నాయో మాత్రం లోకల్ డైవ్ షాప్‌కి ఫోన్ కొట్టి అడగండి.