స్టాంపింగ్‌కు బయలుదేరే ముందు: 221(జి) నిరీక్షణలో చిక్కుకోకుండా, చిక్కుకుంటే చెడిపోకుండా కొన్ని జాగ్రత్తలు

2025 డిసెంబరులో స్టాంపింగ్ కోసం, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర వేయించుకోవడానికి, అమెరికా నుంచి ఇండియాకు వచ్చిన హెచ్-1బి (ఉద్యోగ వీసా) ఉద్యోగులలో చాలామందికి, ఇంటర్వ్యూ స్లాటు చేతిలో ఉండగానే, అది 2026 మార్చికో అంతకంటే తర్వాతికో మారిందని ఈమెయిల్ వచ్చింది. పాత తేదీకి వస్తే లోపలికి రానివ్వబోమని కూడా అమెరికా రాయబార కార్యాలయం ప్రకటించింది. ఆ నెల 15 నుంచి హెచ్-1బి, వారి కుటుంబసభ్యులకు ఇచ్చే హెచ్-4 దరఖాస్తుదారులందరి ఆన్‌లైన్ ఖాతాలను పరిశీలించాలన్న నియమం అమల్లోకి రావడమే ఇందుకు కారణం. మూడు వారాల సెలవు పెట్టి, తిరుగు టికెట్టు కొనుక్కుని వచ్చినవారు ఇక్కడ, వారి ఇల్లు, కారు, పిల్లల బడి అక్కడ ఉండిపోయాయి. అక్కడి బడులకు వేసవి సెలవులు ఇవ్వగానే మళ్లీ ఎందరో బయలుదేరుతారు కనుక, ఈ నాలుగు మాటలు ముందుగా చెప్పడం అవసరమని తోచింది.

పాస్‌పోర్టు గడువు చూసుకోవడం, హెచ్-1బి ఆమోద నోటీసు ఐ-797 వెంట తెచ్చుకోవడం వంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పదలచినది ముఖ్యంగా ఒక్క పొరపాటు గురించి. పదిహేనేళ్లుగా బంధువుల పిల్లలు, నాతో పనిచేసినవారు నేపథ్య పరిశీలనలో, అంటే 221(జి) నిరీక్షణలో, ఇరుక్కుంటే దగ్గరుండి చూస్తున్నాను; నేనూ ఒకసారి పద్నాలుగు వారాలు ఎదురుచూశాను. ఆలస్యం వల్ల నష్టపోయినవారు చాలామందే ఉన్నారు గాని, వారు ఏదో ఒకనాటికి తేరుకున్నారు. తేరుకోలేనంతగా దెబ్బతిన్నవారు మాత్రం అందరూ ఒకే పని చేశారు: ఒకే ప్రశ్నకు రెండు చోట్ల రెండు జవాబులు రాశారు.

ఈ పరిశీలన ఎలా సాగుతుందో మొదట తెలుసుకోవాలి. పత్రాలు చాలకపోయినా, తనిఖీలు పూర్తికాకపోయినా, అమెరికా వలస చట్టంలోని 221(జి) సెక్షన్ ప్రకారం అధికారి అప్పటికి వీసాను నిరాకరించవలసిందే. అందుకే ఆన్‌లైన్ స్టేటస్‌లో ‘రెఫ్యూజ్డ్’ అని కనిపిస్తుంది. ఆ మాట చూసి అన్నం మానేసిన తల్లిదండ్రులను చూశాను. తనిఖీలు ముగిసి వీసా మంజూరైన రోజున అదే స్టేటస్ ‘ఇష్యూడ్’ అని మారుతుందని వారికి ముందే చెప్పి ఉంచండి. ఈలోగా కాన్సులేటు అడిగిన వివరాలు వాషింగ్టన్‌కు, అక్కడినుంచి ఇతర భద్రతా సంస్థలకు వెళ్లి, జవాబులు తిరిగి వచ్చేదాకా ఇంటర్వ్యూ చేసిన అధికారి చేతిలో కూడా ఏమీ ఉండదు. సున్నితమైన సాంకేతిక రంగాల విద్యార్థులకు, పరిశోధకులకు జరిపే ‘మాంటిస్’ తనిఖీకి సగటున 67 రోజులు పడుతున్నదని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2004లోనే లెక్కగట్టింది. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన కష్టం కాదు. ఒకే రోజున 221(జి) స్లిప్పు అందుకున్న ఇద్దరిలో ఒకరికి రెండు వారాల్లో, మరొకరికి ఎనిమిది నెలల్లో తేలడం కూడా కొత్తేమీ కాదు.

ప్రయాణం అవసరమా అన్నది తొలి ప్రశ్న. వీసా ముద్ర గడువు తీరినంత మాత్రాన అమెరికాలో మీ స్టేటస్ పోదు. అది దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 మీద, ఎంప్లాయర్ మీ కోసం వేసిన పిటిషన్ మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి కేవలం ముద్ర కోసమే బయలుదేరేవారు మరొక్కసారి ఆలోచించాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 పెండింగులో ఉన్నవారికి అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందస్తు అనుమతి పత్రం) ఉంటే స్టాంపింగ్ లేకుండానే తిరిగి రావచ్చు. అయితే ఆ పత్రం బయలుదేరకముందే మంజూరై ఉండాలి. గడువు తీరిన ముద్రతోనే కెనడాకో మెక్సికోకో వెళ్లి 30 రోజుల లోపు తిరిగి వచ్చే వెసులుబాటు ఒకటి ఉంది గాని, అక్కడ ఉండగా వీసాకు దరఖాస్తు చేస్తే ఆ వెసులుబాటు రద్దవుతుంది. పైగా 2025 సెప్టెంబరు నుంచి స్వదేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో మాత్రమే దరఖాస్తు చేయాలన్నారు. అదే నెలలో హెచ్-1బి వారికి ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు ఇచ్చే డ్రాప్‌బాక్స్ కూడా తీసేశారు. తండ్రికి గుండె ఆపరేషన్ అంటే ఎవరూ ఆగలేరు, ఆగమని నేను చెప్పను. అటువంటివారికే ఈ జాగ్రత్తలు మరింత అవసరం.

ఇక మన పేర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తనిఖీ ప్రధానంగా పేరును, పుట్టినతేదీని పట్టుకుని సాగుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి ఉంటుంది, డిగ్రీ పట్టాలో అసలే ఉండకపోవచ్చు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలినవారికి వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి జరిగి, పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. పుట్టినతేదీ కూడా అంతే: బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీ ఒకటి, అమ్మ చెప్పే తేదీ ఒకటి, ఫేస్‌బుక్‌లో శుభాకాంక్షలు అందే తేదీ ఆ రెండవది. ఇవేవీ నేరాలు కావు. కాని దరఖాస్తులో ‘ఇతర పేర్లు’ అన్న చోట మీ పేరు ఎన్ని రూపాల్లో నమోదై ఉందో అన్నీ రాయండి. పుట్టినతేదీ మాత్రం అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నదే రాయండి.

ఇప్పుడు ఆ ఒక్క పొరపాటుకు వస్తాను. మా దూరపు బంధువుల అబ్బాయి చదువుకు వెళ్లినప్పుడు వాళ్ల ఊళ్లోని ఒక ఏజెంటు వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 నింపాడు. అందులో బెంగళూరులో పద్నాలుగు నెలలు చేసిన ఉద్యోగం ప్రస్తావన లేదు. అడిగితే అనవసరమైన ప్రశ్నలు వస్తాయని వదిలేశానన్నాడట. ఏళ్లు గడిచి హెచ్-1బి స్టాంపింగ్‌కు వచ్చినప్పుడు అబ్బాయికి 221(జి) స్లిప్పుతో పాటు డీఎస్-5535 ఫారం వచ్చింది. ఆ ఫారం పదిహేనేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు, ప్రయాణాలు, ఆ ప్రయాణాల ఖర్చు ఎవరు భరించారన్నది, తోబుట్టువుల పుట్టినతేదీలు, అయిదేళ్ల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, సామాజిక మాధ్యమ ఖాతాలు అన్నీ అడుగుతుంది. తొందరగా పంపితే తొందరగా తేలుతుందన్న ఆత్రంతో అతను రాత్రికి రాత్రి జ్ఞాపకం మీద నింపి పంపాడు. ఈసారి బెంగళూరు ఉద్యోగం ఉంది, కాని తేదీలు వేరు. పిటిషన్‌తో జతచేసిన అనుభవ పత్రంలో ఇంకో తేదీలు. ఒక్క ఉద్యోగానికి మూడు చోట్ల మూడు జవాబులు. నిజానికి అతను దాచవలసినది ఏమీ లేదు. అది నిక్కమైన ఉద్యోగమే. అయినా ఆ చిక్కుముడి విప్పుకునేసరికి పదమూడు నెలలు పట్టింది, ఉద్యోగం పోయింది.

మరొకరిది ఇంకా బాధాకరం. విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒక దుకాణంలో వస్తువు తీసిందన్న ఆరోపణపై పోలీసులు వేలిముద్రలు తీసుకుని పంపేశారు, తర్వాత కోర్టు కేసు కొట్టేసింది, రికార్డు చెరిగిపోయిందని లాయరు చెప్పాడు. ఆమె డీఎస్-160లో అరెస్టు ప్రశ్నకు ‘లేదు’ అని రాసింది. ఆ ప్రశ్న శిక్ష పడిందా అని మాత్రమే అడగదు. క్షమాభిక్ష వంటివి లభించినా సరే, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది. ‘అవును’ అని రాసి కోర్టు పత్రం జతచేసి ఉంటే కొన్ని వారాల ఆలస్యంతో పోయేది. వేలిముద్రలు ఆ సంగతి చెప్పేశాక, అది నిజం దాచిన నేరమైంది. కావాలని తప్పు చెప్పారని అధికారి నిర్ధారిస్తే 212(ఎ)(6)(సి) సెక్షన్ కింద పడే అనర్హత జీవితాంతం ఉంటుంది. మినహాయింపు కోరే దారి ఉన్నా అది ప్రతిసారీ మొదటినుంచి మొదలయ్యే నిరీక్షణే.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను: మచ్చ ఉన్న నిజం ఆలస్యం చేస్తుంది, రెండు జవాబులు తలుపు మూసేస్తాయి. ఇంతవరకు సమర్పించిన ప్రతి డీఎస్-160 ప్రతినీ, ఎంప్లాయర్ దాఖలు చేసిన పిటిషన్ ప్రతినీ, రెజ్యూమేనీ, లింక్డిన్ పేజీనీ పక్కపక్కన పెట్టుకుని తేదీలు సరిచూసుకోండి. కన్సల్టెన్సీవారు పెంచి రాసిన అనుభవం ఏదైనా లింక్డిన్‌లో ఉంటే, దాన్ని ఇంతకాలం ఎందుకు ఉంచారో మిమ్మల్నే అడుగుతారు, కన్సల్టెన్సీని కాదు. పాత దరఖాస్తులో తప్పు దొర్లి ఉంటే దానికి సరిపోయేలా కొత్తది రాయవద్దు. కొత్తదానిలో నిజం రాసి, పాతది ఎందుకు తప్పో అటార్నీ చేత ఒక లేఖ రాయించి, అధికారి అడగకముందే మీరే చెప్పండి. అడిగాక దిద్దుకోవడానికి, అడగకముందే దిద్దుకోవడానికి చట్టం దృష్టిలో చాలా తేడా ఉంది.

నిరీక్షణ మొదలయ్యాక ఉద్యోగం విషయంలో తొందరపడవద్దు. ఇక్కడ ఇరుక్కున్నవారు కొందరు విసిగి రాజీనామా చేసి, మరో ఎంప్లాయర్ చేత కొత్త పిటిషన్ వేయించాలని చూస్తారు. చెల్లుబాటయ్యే హెచ్-1బి వీసా లేకుండా దేశం వెలుపల ఉన్నవారి కోసం దాఖలు చేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్లు చెల్లించాలన్న ప్రకటన 2025 సెప్టెంబరు 21న అమల్లోకి వచ్చింది. మీ కోసం అంత మొత్తం కట్టే ఎంప్లాయర్లు అరుదు. ఇండియా నుంచి పనిచేయడానికి ఎంప్లాయర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఇక్కడ 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆదాయపు పన్ను లెక్క మారిపోతుందన్నది ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోండి. స్లిప్పులో అడిగిన పత్రాలు ఏడాదిలోగా ఇవ్వకపోతే దరఖాస్తు, రుసుము మళ్లీ మొదటికి వస్తాయి.

కోర్టుకు వెళ్లడం గురించి అందరూ అడుగుతారు. నిర్ణయం త్వరగా తీసుకోమని అమెరికా ఫెడరల్ కోర్టులో మాండమస్ దావా వేయవచ్చు. ప్రభుత్వానికి జవాబు చెప్పడానికి 60 రోజులు ఉంటాయి. దావాలో వీసా ఇవ్వమని అడగడానికి వీలుండదు, ఏదో ఒకటి తేల్చమని మాత్రమే అడగవచ్చు. 221(జి)నే తుది నిర్ణయంగా భావించి దావా కొట్టేసిన న్యాయమూర్తులూ ఉన్నారు. రికార్డులో రెండు జవాబులు ఉన్నవారు తొందరపడి దావా వేస్తే, తేల్చమని అడిగి మరీ తిరస్కరణ తెచ్చుకున్నట్టవుతుంది.

మిగిలినవి వరుసగా చెబుతాను. అడిగిన పత్రాలన్నీ ఒకేసారి పంపండి, ముక్కలుగా పంపితే ఫైలు ప్రతిసారీ వెనక్కి పోతుంది. పంపినదానికి ప్రతి ఉంచుకోండి. డీఎస్-5535 నింపడానికి కనీసం మూడు రోజులు తీసుకోండి. పాత పాస్‌పోర్టుల ముద్రలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె ఒప్పందాలు చూసి రాయండి. తేదీ కచ్చితంగా తెలియకపోతే సుమారు అని అక్కడే రాయండి. గడిచిన అయిదేళ్లలో వాడిన ఖాతా ఏదీ దాచవద్దు, భయపడి చెరిపేయవద్దు, పబ్లిక్‌గా ఉంచమన్నప్పుడు ఉంచండి. మద్యం తాగి కారు నడిపిన కేసు ఉంటే వీసా ఇప్పటికే రద్దయి ఉండవచ్చు. అయిదేళ్లలోపుదైతే వైద్యపరీక్షకు కూడా పంపుతారు, ఆ సమయమూ కలుపుకోండి. మీ ఫారం ఏజెంటు చేత నింపించవద్దు. బావ చేత కూడా నింపించవద్దు. ఎవరు నింపినా పూచీ మీదే. కాన్సులేట్‌లో తెలిసినవారున్నారని చెప్పేవారికి ఒక్క రూపాయి ఇవ్వవద్దు. ఒకటి పెండింగులో ఉండగా ఇంకో వీసాకు దరఖాస్తు చేయవద్దు. రోజూ ఈమెయిళ్లు పంపవద్దు. చెల్లెలి పెళ్లి తేదీని ఇంటర్వ్యూ తేదీకి ముడిపెట్టవద్దు. తిరుగు టికెట్టు మార్చుకోగలిగినదే కొనండి. ఆరు నెలల అద్దె, కారు వాయిదా, బీమా కట్టగలిగినంత డబ్బు అక్కడి ఖాతాలో ఉంచి రండి, తాళంచెవులు నమ్మకస్తులకు ఇచ్చి రండి. అమెరికాలో పుట్టిన పిల్లలను వెంట తెస్తే వారి ఓసీఐ కార్డులు తెచ్చుకోండి, బడివారికి ముందే చెప్పండి. వీసా వచ్చాక కూడా, తర్వాతి డీఎస్-160లో ‘ఎప్పుడైనా వీసా నిరాకరించారా’ అన్న ప్రశ్నకు ‘అవును, 221(జి), తర్వాత మంజూరైంది’ అని రాయండి. చివరికి వచ్చింది కదా అని ‘లేదు’ అని రాసినవారు మళ్లీ రెండు జవాబుల్లో పడ్డారు. ఈ రాత్రే మీ పాత దరఖాస్తులు బయటికి తీసి, ఆ ప్రశ్న దగ్గర, అరెస్టు ప్రశ్న దగ్గర ఏమి రాశారో చూసుకోండి. టికెట్టు సంగతి ఆ తర్వాత.