ఎన్నికల వేళ మర్యాదగా వాదించడం – 3వ పాఠం: ‘ఎందుకు’ కాదు, ‘ఎలా’

కిందటి పాఠంలో ఒక పని అప్పజెప్పాను. మీకు నచ్చని పార్టీ వాదనను, ఆ పార్టీవాళ్లు చదివితే "అవును, మేం చెప్పేది ఇదే" అనేలా నాలుగు వాక్యాల్లో రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. రాయనివాళ్లు ముందు అది పూర్తిచేసి రండి, లేకపోతే ఈ పాఠం ఒంటబట్టదు.

ఇవాళ మార్చుకోవాల్సింది ఒక్క ప్రశ్నే. వాదన మొదలవగానే "దాన్ని ఎందుకు సమర్థిస్తున్నావ్?" అని అడుగుతాం. వెంటనే ఎదుటి మనిషి తెలిసిన నినాదాలన్నీ కూడగట్టుకుని ఇంకా బిగుసుకుపోతాడు. "అది అమలైతే ఏం జరుగుతుంది, ఎలా జరుగుతుంది?" అని అడిగి చూడండి.

2002లో యేల్ విశ్వవిద్యాలయంలో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. జిప్పు, కుట్టుమిషను లాంటివి ఎలా పనిచేస్తాయో ఎంత బాగా తెలుసని అడిగి, ఎవరికి వాళ్లనే మార్కులు వేసుకోమన్నారు. తర్వాత మెట్టు మెట్టుగా వివరించమన్నారు. వివరించబోయేసరికి తమకు అనుకున్నంత తెలియదని అర్థమైంది, రెండోసారి మార్కులు తగ్గించుకున్నారు. 2013లో ఫెర్న్‌బాక్ బృందం ఇదే పద్ధతిని పదవీ విరమణ వయసు పెంపు, ఉపాధ్యాయులకు పనితీరును బట్టి జీతం లాంటి విధానాల మీద వాడింది. ఎలా జరుగుతుందో వివరించినవాళ్లు కొంత మెత్తబడ్డారు, కారణాలు ఏకరువు పెట్టినవాళ్లు మెత్తబడలేదు. తర్వాత వేరేవాళ్లు చేసినప్పుడు ఈ మెత్తబడటం ప్రతిసారీ కనిపించలేదు. కాబట్టి ఒక్క ప్రశ్నతో ఎదుటివారి ఓటు మారిపోతుందని ఆశపడకండి. తెలుసనుకున్నంత తెలియదని ఇద్దరికీ అర్థమైతే గొంతులు తగ్గుతాయి. నాకు అదే చాలా పెద్ద విషయం.

మా బాబాయ్‌తో జరిగింది చెప్తాను.

"విరమణ వయసు పెంచాలిరా, ఖజానా మీద భారం తగ్గుతుంది."

"ఎలా తగ్గుతుంది బాబాయ్?"

"పింఛను రెండేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది కదా." కాసేపు ఆగాడు. "కానీ ఆ రెండేళ్లూ సీనియర్ జీతం ఇవ్వాలి. లెక్క చూడాలి."

తర్వాత నావైపు తిరిగాడు. "పెంచకపోతే కుర్రాళ్లకి ఉద్యోగాలొస్తాయంటావు నువ్వు. ఎలా? ఖాళీ అయిన ప్రతి పోస్టూ నింపుతారా?"

నా దగ్గర జవాబు లేదు. అదే మాట చెప్పాను. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఖాళీల లెక్కలు వెతికాం. పదేళ్లుగా ఈ విషయం మీద అరుచుకున్న మేం కలిసి ఒక కాగితం చదవడం అదే మొదటిసారి.

గొంతు విషయంలో జాగ్రత్త. ఇదే ప్రశ్న వకీలు సాక్షిని అడిగినట్టు అడిగితే ఉన్న మర్యాద కాస్తా పోతుంది. జవాబు వినాలని నిజంగా ఉన్నప్పుడే అడగండి. వాళ్లు ఆగితే ఆగనివ్వండి, మధ్యలో మాట అందించకండి.

ఈ వారం అభ్యాసం: మీకు బాగా నచ్చిన ఒక ఎన్నికల హామీ తీసుకోండి. డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది, ఎవరు అమలు చేస్తారు, మొదటి ఏడాది ఏం మారుతుంది, ఎవరికి నష్టం? పుస్తకం, ఫోన్ ముట్టుకోకుండా రాయండి. పెన్ను ఆగిన చోట గీత గీయండి. తర్వాత కిందటి వారం కాగితం తీసి, ఆ వాదనకూ ఇవే ప్రశ్నలు వేయండి. రెండింట్లోనూ గీత పడిన చోట్లు గుర్తుపెట్టుకోండి. 4వ పాఠంలో ఆ ఖాళీలు నింపడానికి బడ్జెట్ పత్రాలు ఎలా చదవాలో చూద్దాం.